మీవాళ్ల వార్త

మా ఇంట్లో రోజూ రెండు పత్రికలు చదివేవాళ్లం. ఒకటి కొన్నది, ఒకటి అడిగి తెచ్చుకున్నది. జనగామలో మా అబ్బాకు సైకిల్ టాక్సీ ఉండేది. గంటకింత అని సైకిళ్లు కిరాయికిచ్చే షాపు. హైదరాబాద్ నుంచి పొద్దున బండికి వచ్చే ఉర్దూ పత్రిక అబ్బా కొనేవాడు. పక్కన చాయ్ హోటల్లో తెలుగు పత్రిక ఉండేది. పది మంది చేతులు మారి, చాయ్ మరకలు పడి, పది గంటలకల్లా నలిగిపోయిన ఆ కాగితాల్ని నేను అడిగి తెచ్చేవాణ్ని. అబ్బాకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. తెలుగుది నేను చదివి వినిపించాలి, ఉర్దూది ఆయన చదివి వినిపించాలి. ఇది మా ఇద్దరి ఒప్పందం. నేను రెండు లిపులూ నేర్చుకున్నది బడిలో కాదు, ఆ షాపు ముందు బల్ల మీద.

1992 డిసెంబర్ 7 పొద్దున నేను తెలుగు పత్రిక విప్పి చదివాను. వివాదాస్పద కట్టడం కూల్చివేత అని ఉంది. అబ్బా ఉర్దూ పత్రిక ముందర పెట్టుకొని చాలాసేపు ఏమీ చదవలేదు. తర్వాత ఒక్క ముక్క చదివాడు. బాబ్రీ మస్జిద్ షహీద్ కర్‌దీ గయీ. నాకు పదకొండేళ్లు. రెండూళ్లలో రెండు సంగతులు జరిగాయనుకున్నాను. ఒక ఊళ్లో ఏదో కట్టడం కూలింది. ఇంకో ఊళ్లో ఎవరో షహీద్ అయ్యారు.

"కట్టడం అంటే ఏంది బేటా?" అన్నాడు అబ్బా.

"ఇమారత్" అన్నాను.

"కిస్కీ ఇమారత్?"

ఎవరి ఇమారతో ఆ హెడ్డింగులో లేదు. వెతికి చెప్తానని కింది దాకా చదువుకుంటూ పోయాను. అబ్బా అప్పటికే లేచి షాపు తలుపులు వేయడం మొదలుపెట్టాడు.

ఆ రెండు హెడ్డింగుల మధ్య సందులో నేను పెరిగాను. తర్వాత ఆ సందే నాకు ఉద్యోగమైంది. బి.ఏ.లో చరిత్ర, రాజనీతి శాస్త్రం, ఉర్దూ చదివి, ఇరవై రెండో ఏట హైదరాబాద్‌లో ఒక తెలుగు దినపత్రికలో చేరాను. శిక్షణలో మొదటి రోజు చెప్పిన పాఠం ఇది: వార్తలో నువ్వు కనబడొద్దు. నీ కులం, నీ మతం, నీ ఊరు, నీ కోపం, అన్నీ చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి లోపలికి రా. నాకు ఆ మాట నచ్చింది. మసీదులోకి పోయేదీ అట్లనే గదా. అందరం విడిచాం. కొన్నాళ్లయ్యాక చూసుకుంటే, గుమ్మం బయట అందరికీ కనబడుతున్నది నా జత ఒక్కటే.

"మీవాళ్ల వార్త" అనే మాట నేను మొదటిసారి విన్నది అక్కడే. ఈ మాటను రెండు రకాలుగా వాడతారు. రంజాన్ హలీమ్, మొహర్రం ఊరేగింపు, హజ్ యాత్రికుల బస్సు, ముషాయిరా వచ్చాయంటే "ఏం భాయ్, మీవాళ్లది కదా, నువ్వే రాసెయ్" అంటారు. అరెస్టు, గొడవ, వక్ఫ్ భూమి తగాదా వచ్చాయంటే "మీవాళ్లది కదా, నువ్వొద్దులే, ఇంకెవరన్నా చూస్తారు" అంటారు. మొదటిదానిలో నా ముస్లింతనం అర్హత. రెండోదానిలో అదే అనర్హత. బోనాల వార్త రాసేవాణ్ని "మీవాళ్లది కదా" అని ఎవరూ అడగరు. పెద్దకులం విలేఖరి తన కులపు మంత్రి గురించి రోజూ రాస్తే అది అనుభవం, పరిచయాలు. మా పక్క సీటు దళిత మిత్రుడికి ఈ బాధ నాకంటే బాగా తెలుసు. ఊరి బయట దాడి జరిగిందంటే అతనికీ ఇట్లాగే రెండు నాల్కల పిలుపు వచ్చేది. క్యాంటీన్‌లో ఇద్దరం దీని మీద నవ్వుకునేవాళ్లం. నవ్వుకోక చేసేదేమీ లేదు గనక.

ఎవరి మీదా కోపంతో ఇది రాయడం లేదు. ఆ డెస్క్‌లో నాకు పని నేర్పినవాళ్లున్నారు, ఈద్ రోజు షీర్ ఖుర్మా కోసం మా గదికి వచ్చినవాళ్లున్నారు. వాళ్లలో ఎవర్నీ మతోన్మాది అనలేను. నేను చెప్పేది మనుషుల గురించి కాదు, మాటల గురించి. అందులో నేను రాసిన మాటలూ ఉన్నాయి.

తెలుగులో వార్త రాసేవాడు క్రియ దగ్గరికి రాగానే ఏదో ఒక వైపు నిలబడక తప్పదు. కమిషనర్ చెప్పారు. ఆటో డ్రైవర్ చెప్పాడు. ఎమ్మెల్యే ఆరోపించారు. ముసలమ్మ వాపోయింది. ఎవరికి 'రు', ఎవరికి 'డు' అని మాకెవరూ పట్టిక రాసివ్వలేదు. చేయి దానంతటదే రాసేస్తుంది. కాలేజీలో బహుమతి తీసుకున్నప్పుడు ఒక కుర్రాడు "ఇంజినీరింగ్ చదువుతున్నారు". అదే కుర్రాడికి ముసుగు వేసి ప్రెస్‌మీట్‌లో నిలబెట్టిన సాయంత్రం "ఇంజినీరింగ్ చదువుతున్నాడు". కోర్టు తీర్పుకు ఏళ్లు పడుతుంది, మా వ్యాకరణం తీర్పు ఆ రాత్రి ఎడిషన్‌కే వచ్చేస్తుంది. ఇక హెడ్డింగ్. "ఉగ్రవాది అన్న ఆరోపణపై యువకుడి అరెస్టు" అని రాసిస్తే సింగిల్ కాలమ్‌లో పట్టదు. "ఉగ్రవాది అరెస్టు" పడుతుంది. దీని మీద నేను ఎన్నిసార్లు వాదించానో లెక్కలేదు. వాదన ప్రతిసారీ మతం మీద కాదు, చోటు మీద ముగిసేది. చోటు లేదు భాయ్.

ఉర్దూ మాత్రం తక్కువ తినలేదు. ఉర్దూ పత్రికలో చావుకు చాలా మాటలున్నాయి. హలాక్ అంటే చచ్చాడు. జాఁబహక్ అంటే ప్రాణం దేవుడికి అప్పగించాడు. షహీద్ సరే సరి. పోయిన ముస్లిం మర్హూమ్, పోయిన ముస్లిమేతరుడు ఆంజహానీ. బస్సు బోల్తా పడి అయిదుగురు పోతే, పేర్లు చూసి ఎవరు ఏ మాటలోకి వెళ్లాలో విడదీసి రాయాలి. ఇదంతా దురుద్దేశంతో చేసేది కాదు, తరాలుగా వస్తున్న మర్యాద. కానీ ఒకే రోజు ఒకే ఘటనను రెండు భాషల్లో రాసి జీతం తెచ్చుకున్నవాడికి ఒకటి అర్థమవుతుంది. నేను తెలుగులో రాసిన మృతుడు, ఉర్దూలో రాసిన మర్హూమ్ ఒకే మనిషి. ఆ మనిషికి రెండు చోట్లా వేరు వేరు బంధువులున్నారు.

మత ఘర్షణల వార్తల్లో కమ్యూనిటీల పేర్లు రాయొద్దనే ఒక మంచి పద్ధతి ఉండేది. దాని కోసం "ఒక వర్గం", "మరో వర్గం" అనేవాళ్లం. ఉద్దేశం మంచిదే, నిప్పు రాజేయకూడదని. కానీ పాఠకుడు అమాయకుడా? "ఒక వర్గం వారు ప్రార్థనలు ముగించుకొని వస్తుండగా" అని రాశాక ఇంక దాచిందేమిటి? మేము దాచినట్టు నటించేవాళ్లం, పాఠకుడు తెలియనట్టు నటించేవాడు. "సమస్యాత్మక ప్రాంతం" కూడా అంతే. చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో ఏళ్ల తరబడి అద్దెకున్నాను. అక్కడి సమస్య మంచినీళ్లు, డ్రైనేజీ, కరెంటు. మా పత్రికలో ఆ మాట వచ్చినప్పుడు ఎవరికీ డ్రైనేజీ గుర్తుకు రాదు.

ఇప్పుడు నేను రాసినదాని గురించి చెప్పాలి.

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలింది. పేలుడులో 9 మంది, ఆ తర్వాత బయట జరిగిన పోలీసు కాల్పుల్లో 5గురు చనిపోయారు. నేను ఆ రోజు డ్యూటీలో ఉండి జుమా ఎగ్గొట్టాను. ఉర్దూ వచ్చు గనక నన్ను ఉస్మానియా ఆసుపత్రికి పంపారు. అక్కడ ఏడుస్తున్నవాళ్ల మాటలు నోట్‌బుక్‌లో తెలుగులోకి మార్చి రాసుకున్నాను. ఏడుపును అనువాదం చేయడం అప్పటిదాకా నాకు ఎవరూ నేర్పలేదు. "బేటా, నువ్వు మనోడివేనా?" అని ఒక పెద్దామె చేయి పట్టుకుంది. "నేను పేపర్‌వాణ్ని ఖాలా" అన్నాను. ఆమె చేయి వదిలేసింది.

తర్వాత వారాలు, నెలలు పాతబస్తీలో కుర్రాళ్లను పట్టుకెళ్లడం సాగింది. వాళ్లను చట్టవిరుద్ధంగా నిర్బంధించి చిత్రహింసలు పెట్టారని, రాష్ట్ర మైనారిటీల కమిషన్ కోసం విచారణ జరిపిన న్యాయవాది నివేదిక ఆ తర్వాత చెప్పింది. అట్లా పట్టుకెళ్లినవాళ్లలో ఒకడు నేను అద్దెకుంటున్న ఇంటికి నాలుగు గల్లీల అవతలివాడు. ఎదురుపడితే సలాం చెప్పుకునేంత పరిచయం. అతని పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాశాను, చాలు.

ప్రెస్‌నోట్ మా ఆఫీసుకు సాయంత్రం వచ్చింది. డెస్క్ ఇన్‌చార్జి నా వైపు చూశాడు. "మీవాళ్ల వార్త" అనలేదు. ఊరికే చూశాడు. ఆ చూపులో ఏమీ లేకపోయి ఉండొచ్చు. కానీ నాలుగేళ్లుగా ఆ మాట విని విని నేనే దాన్ని వినేసుకున్నాను. "నేను రాస్తాను సర్" అన్నాను. రాశాను. పేరు, వయసు, తండ్రి పని, ఎవరెవరితో సంబంధాలున్నాయో, ఎక్కడెక్కడ తిరిగాడో, అన్నీ. "అని పోలీసులు తెలిపారు" అన్న ముక్క చివర్లో ఒక్కసారి పెట్టాను. ఆ ఒక్క ముక్క ఇరవై వాక్యాల బరువును మోస్తుందా? మోయదని నాకు తెలుసు. అతని ఇంటికి పోయి తలుపు తట్టొచ్చు. తట్టలేదు. పోయానని తెలిస్తే ఆఫీసులో ఏమంటారోనని భయం. "చూశావా, వాళ్లవాడు గనక ఇంటికి పోయాడు" అంటారని. ఇంకెవరైనా విలేఖరి ఆ తలుపు తడితే దాన్ని శ్రమ అంటారు. నేను తడితే పక్షపాతం అంటారు. ఎవరూ అనకముందే నేనే అనుకొని ఊరుకున్నాను.

రాత్రి పేజీలు వెళ్లాక ఇన్‌చార్జి నా భుజం తట్టాడు. "చాలా ఆబ్జెక్టివ్‌గా రాశావ్ భాయ్" అన్నాడు. ఆ డెస్క్‌లో ఆ మెప్పు నాకు దక్కడం అదే మొదటిసారి. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ రాత్రి నాకు సంతోషమైంది.

నా అభిప్రాయం ఆ వార్తలో ఎక్కడా లేదు. నిజమే. కానీ నా భయం మొదటి అక్షరం నుంచి చివరి దాకా ఉంది. అభిప్రాయాన్ని తీసేయడం సులువు, సబ్ ఎడిటర్ పెన్సిల్ చాలు. భయాన్ని ఏ పెన్సిల్ కొట్టేస్తుంది? ముస్లిం విలేఖరి నిష్పాక్షికంగా ఉన్నాడని రుజువు చేసుకోవడానికి ముస్లింల మీద మిగతావాళ్లకంటే ఒక మెట్టు ఎక్కువ కఠినంగా రాస్తాడు. ఇది నా ఒక్కడి సంగతి కాదని, ఈ పుస్తకం చదివే నా తోటి పాత్రికేయులు కొందరు ఇప్పుడు తల వంచుకుంటారని నాకు తెలుసు.

ఆ అపరాధం కడుక్కోవడానికి ఇంకో తప్పు చేశాను. మారుపేరుతో ఒక ఉర్దూ పత్రికకు వారం వారం రాయడం మొదలుపెట్టాను. అక్కడ చెప్పులు విడవాల్సిన పని లేదనిపించింది. కోపమంతా అక్కడ పోశాను. ఒక వారం, నిర్బంధంలో ఉన్న ఒక కుర్రాడు పోలీసు దెబ్బలకు చనిపోయాడని మొహల్లాలో అందరూ అనుకుంటున్నారు. జైలుకు ఫోన్ చేయలేదు, లాయర్‌ను అడగలేదు. అందరూ అంటున్నారు గదా, జరగకపోతే ఎందుకంటారు? రాసేశాను. ఆ కుర్రాడు బతికే ఉన్నాడు. ఒక జైలు నుంచి ఇంకో జైలుకు మార్చారంతే. పత్రిక వచ్చిన పొద్దున వాళ్లింటి ముందు పుర్సా ఇవ్వడానికి జనం వచ్చి కూర్చున్నారట. బతికున్న కొడుకు కోసం ఆ తల్లిని పరామర్శించారు. మధ్యాహ్నానికి నిజం తెలిసింది. ఆ మధ్యాహ్నం దాకా ఆమె ఏం పడిందో నేను రాయలేను, ఏ భాషలోనూ.

ఉర్దూ పత్రికలో పెద్దాయన ఒకరు ఉండేవారు. కంప్యూటర్ రాకముందు కాతిబ్. పత్రిక మొత్తం చేత్తో అందంగా రాసిన తరం. నన్ను పిలిచి కూర్చోబెట్టి, "జజ్‌బా పక్కా హై మియాఁ, ఖబర్ కచ్చీ హై" అన్నారు. ఆవేశం పండింది, వార్త పచ్చిగానే ఉంది. తప్పు రాత పడితే ఆ కాలంలో బ్లేడుతో గీకి మళ్లీ రాసేవాళ్లమని, అచ్చయ్యాక గీకడానికి బ్లేడు లేదని కూడా అన్నారు. తెలుగు డెస్క్ భుజం తట్టినప్పటికంటే ఈ చీవాట్లే నాకు ఎక్కువ పనికొచ్చాయి.

అప్పటినుంచి ఒక చిన్న విషయం నా తలలో తిరుగుతోంది. ఆబ్జెక్టివిటీకి తెలుగులో రెండు మాటలు వాడతాం. నిష్పాక్షికత, వస్తునిష్ఠత. ఉర్దూలోనూ రెండున్నాయి. గైర్ జానిబ్‌దారీ, మారూజియత్. మొదటి జంటకు ఏ వైపూ లేకపోవడమని అర్థం. రెండో జంటకు ఎదురుగా ఉన్న వస్తువును విడవకుండా పట్టుకోవడమని అర్థం. ఇవి ఒకటి కాదు. మేము న్యూస్‌రూమ్‌లో రోజూ మొదటిదాని కోసం ప్రమాణాలు చేస్తాం, రెండోదాన్ని మరిచిపోతాం. ప్రెస్‌నోట్ ముందు పెట్టుకొని నేను ఏ వైపూ లేనట్టు కూర్చున్నాను. వస్తువు నాలుగు గల్లీల అవతల ఉంది.

వైపు ఉన్నవాడు నిజం రాయలేడా? షోయబుల్లాఖాన్‌ను తలుచుకోండి. హైదరాబాద్‌లో 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రిక సంపాదకుడు. నిజాం రాజ్యం భారత యూనియన్‌లో కలవాలని, రజాకార్ల దౌర్జన్యాలు ఆగాలని రాశాడు. 1948 ఆగస్టులో రాత్రి ఇంటికి పోతుంటే చంపారు. రాసిన చేతిని నరికారు. ఆయనకు వైపు లేదా? నిలువెల్లా ఉంది. ఆయన ఉర్దూలో, ముస్లిం పాఠకులకే, వాళ్లలో చాలామందికి గిట్టని నిజం రాశాడు. నన్ను "మీవాళ్లు" అనేవాళ్లు ఆయన్ను ఏ లెక్కలో వేస్తారు?

ఆయన వర్ధంతిని తెలుగు పత్రికలు ఏటా గుర్తుచేసుకుంటాయి, మంచిదే. కానీ ఆయన పోయిన నెలలోపే వచ్చిన సైనిక చర్యకు మనం ఈ రోజుకీ "పోలీసు చర్య" అనే అంటాం. ట్యాంకులు వచ్చినదానికి పోలీసుల పేరు. ఆ తర్వాత జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండను పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు ఊరూరా తిరిగి విచారించారు. 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేశారు. ఖాజీ అబ్దుల్ గఫార్ కూడా పాత్రికేయుడే. హైదరాబాద్‌లో 'పయామ్' అనే ఉర్దూ పత్రిక నడిపినవాడు. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. మా నానీ మాత్రం "పోలీస్ ఆక్షన్" అనే మాట ఇంగ్లీషులోనే అనేది. వేరే ఇంగ్లీషు ముక్క ఆమెకు రాదు. ఇక సెప్టెంబర్ 17 వచ్చిందంటే ప్రతి డెస్క్‌లోనూ గొడవ. విమోచన, విలీనం, విద్రోహం. 2022లో కేంద్రం విమోచన దినం అంది, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. ఏ పేరు రాసినా ఒక వైపు ఒరుగుతాం. అన్ని పేర్లూ రాసి, వాటికింద ఎవరు ఏమనుకుంటున్నారో, ఎవరు ఎంతమంది పోయారో రాస్తే వస్తువు కొంత కనబడుతుంది. చాలామంది సెలవు రోజు ఫోటో ఒకటి వేసి ఊరుకుంటారు.

మన ఒక్కరి జబ్బే అనుకోవద్దు. 1920లో అమెరికాలో వాల్టర్ లిప్‌మన్, చార్లెస్ మెర్జ్ కలిసి, రష్యా విప్లవం మీద న్యూయార్క్ టైమ్స్ మూడేళ్లు రాసిన వార్తల్ని ముందర పెట్టుకొని లెక్క తీశారు. సోవియట్లు పడిపోయాయనో, పడిపోబోతున్నాయనో ఆ పత్రిక 91 సార్లు రాసింది. అవి పడలేదు. కావాలని అబద్ధం రాశారని వాళ్లు అనలేదు. పడిపోవాలని కోరుకున్నవాళ్లు రాశారు గనక పడిపోతున్నట్టు రాశారు. ఆశ, భయం, ఈ రెండే విలేఖరుల చేత రాయించాయన్నారు. నా 2007 కాపీకి దాదాపు తొంభై ఏళ్లు ముందే ఎవరో దిద్దుబాటు పెట్టినట్టు అనిపించింది.

ఒక్కోసారి అంకె కూడా నిజమే అయి ఉంటుంది. 2020 మార్చి, ఏప్రిల్‌లలో రోజూ కరోనా లెక్క రాసేవాళ్లం. ఇన్ని కేసులు, అందులో ఇన్ని "మర్కజ్‌కు వెళ్లొచ్చినవారివి". అంకె తప్పు కాదు. కానీ ఆ రోజుల్లో రైలెక్కినవాళ్లకు, పెళ్లికి పోయినవాళ్లకు, విమానం దిగినవాళ్లకు రోజూ విడిగా ఒక గడి గీశామా? గడి ఒకరికే గీస్తే రోగం కూడా ఒకరిదే అవుతుంది. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం తబ్లీగీ విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ, మీడియాలో జరిగిన ప్రచారాన్నీ తప్పుపట్టింది. అప్పటికి మా గల్లీ కూరగాయలవాడు పేరు చెప్పకుండా బండి నడపడం నేర్చుకున్నాడు.

మళ్లీ మక్కా మసీదుకు వస్తాను. ఆ కుర్రాళ్ల మీద పెట్టిన కుట్ర కేసులు కోర్టులో నిలవలేదు. ప్రభుత్వం నిర్దోషులుగా బయటపడ్డవారికి 3 లక్షల చొప్పున పరిహారం, నడవడిక సర్టిఫికెట్లు ఇచ్చింది. 2013 సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టేసింది. పేలుడు కేసు సీబీఐకి, తర్వాత ఎన్ఐఏకి పోయి, హిందూ సంస్థలతో సంబంధం ఉన్నవారి మీద అభియోగాలు వచ్చాయి. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ నిర్దోషులంది. అంటే ఆ 9 మందిని ఎవరు చంపారో చట్టం దగ్గర జవాబు లేదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఇంకో తీర్పు వచ్చింది. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ దగ్గర 40 మందికి పైగా ప్రాణాలు తీసిన పేలుళ్ల కేసులో ఇద్దరికి మరణశిక్ష, ఒకరికి యావజ్జీవం. వాళ్లు ముస్లింలు. ఈ తీర్పు వార్త నేనే రాశాను, అడిగి మరీ తీసుకున్నాను. ఎవర్నీ మెప్పించడానికి కాదు. గోకుల్ చాట్ దగ్గర పోయినవాళ్ల ఇళ్లకు తిరిగాను, శిక్ష పడినవాళ్ల లాయర్‌తో మాట్లాడాను, తీర్పులో ఏముందో చదివాను. ఏప్రిల్ తీర్పుకూ సెప్టెంబర్ తీర్పుకూ ఒకే రకం క్రియలు వాడాను. నిర్దోషులూ "రు"లే, దోషులూ "రు"లే. దోషులకు "రు" ఎందుకని డెస్క్ అడిగింది. ఏప్రిల్‌లో ఎందుకు అడగలేదని నేనడిగాను. చివరికి అందరికీ "రు" అచ్చయింది. చిన్న సంగతే.

ఆ ఏడాది చివర్లో ఒక సాయంత్రం నాలుగు గల్లీలు దాటి ఆ తలుపు తట్టాను. పదకొండేళ్ల తర్వాత. ముప్పై ఏళ్లవాడు తలుపు తీశాడు. జైలుకు పోయొచ్చి, ఎక్కడా పని దొరకక, ఇప్పుడు సెల్‌ఫోన్లు రిపేర్ చేస్తున్నాడు. చాయ్ తెప్పించాడు. ఏ పేపర్ అంటే చెప్పాను. లోపలికి పోయి ప్లాస్టిక్ కవర్‌లోంచి ఒక కాగితం తీశాడు. వాళ్లమ్మ దాచి పెట్టిందట. కోర్టులో పనికొస్తుందని ఎవరో చెప్పారట, పనికి రాలేదు. పసుపెక్కిన నా వార్త. పైన నా పేరు లేదు, "మా ప్రతినిధి" అని ఉంది.

"ఇది ఎవరు రాశారో మీకు తెలుసా భాయ్?" అన్నాడు. తెలుగు చదవడం అతనికి వచ్చు.

"నేనే" అన్నాను.

కోప్పడతాడనుకున్నాను. వెళ్లిపొమ్మంటాడనుకున్నాను. చాలాసేపు కాగితం వైపే చూశాడు. తర్వాత దాన్ని నా ముందు బల్ల మీద పెట్టి, రెండో వాక్యం మీద వేలు ఉంచాడు.

"ఉమర్ గలత్ లిఖే భాయ్ తుమ్. వయసు తప్పు. ఇరవై కాదు, అప్పుడు నాకు పందొమ్మిది. ఇంకోటి, మా అబ్బాది పంచర్ షాపు కాదు. ఛత్తా బజార్‌లో జిల్ద్‌సాజ్. పుస్తకాలు కుట్టేవాడు. ఈ గల్లీలో ఎవర్నడిగినా చెప్తుండె."

ప్రెస్‌నోట్‌లో పంచర్ షాపు అని ఉంది. సైకిల్ షాపువాడి కొడుకును, నేను అది అట్లాగే దించేశాను.

నోట్‌బుక్ తీసి రెండూ రాసుకున్నాను. అతను అద్దాలు తుడుచుకుంటూ నేను రాసేది సరిగ్గా ఉందో లేదో చూశాడు. తిరిగి వచ్చేటప్పుడు గడియారం చూసుకున్నాను. వాళ్లింటి నుంచి నేనప్పుడు అద్దెకున్న ఇంటికి నడిస్తే నాలుగు నిమిషాలు.